చమురు డేటా 3డి బొమ్మ: బావి తన చోట నిలబడిందా?

చమురు, సహజవాయు రంగంలో భూగర్భ డేటాను 3డిలో చూడడం ఎలా నేర్చుకోవాలని దక్షిణ తెలంగాణ జిల్లాల పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా దిక్కు ఎటు చూసినా గ్రానైటు రాయే. చమురు లేని జిల్లాల ఉండి ఈ పని నేర్చుకోవచ్చా? డేటా ఎక్కడ దొరుకుతది? ఏ సాఫ్ట్‌వేర్‌తోటి మొదలుపెట్టాలె?
– బీఎస్సీ జియాలజీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: నిక్షేపంగా నేర్చుకోవచ్చు. మీ కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు, నైసు. చమురు ఎక్కువగా దొరికేది అవక్షేప శిలల్లో. మనకు దగ్గర్లో అలాంటి క్షేత్రాలు కృష్ణా–గోదావరి డెల్టాలోనే ఉన్నాయి. అయినా సాధన కోసం అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. ప్రపంచమంతా నేర్చుకునే డేటా రెండు చోట్లది, రెండూ ఉచితమే.

మొదటిది ఉత్తర సముద్రంలో నెదర్లాండ్స్‌కు చెందిన ఎఫ్3 బ్లాకు. 1987లో చేసిన 3డి సైస్మిక్ సర్వే (తరంగాలను కిందికి పంపి, పొరల నుంచి తిరిగొచ్చేవాటిని నమోదు చేసేది) ఇది, దాంతోపాటు నాలుగు బావుల సమాచారం వస్తుంది. ఒక దిక్కు లైన్లైన ఇన్‌లైన్లు 100 నుంచి 750 దాకా, వాటికి అడ్డంగా పోయే క్రాస్‌లైన్లు 300 నుంచి 1250 దాకా. లైనుకూ లైనుకూ మధ్య 25 మీటర్లు, నిలువున (తరంగం పోయి వచ్చే కాలంలో) 4 మిల్లీసెకన్లకు ఒక విలువ. పాత డెల్టా ఒకటి సముద్రంలోకి ముందుకు జరుగుతూ ఏటవాలుగా పేర్చుకుంటూ పోయిన పొరలు ఇందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి డేటా మాకు తెలియదు.

రెండోది నార్వేలోని వోల్వ్ క్షేత్రం. 2008 నుంచి 2016 దాకా చమురు తీసి మూసేశాక, 2018లో ఈక్వినార్ సంస్థ దాదాపు 40,000 ఫైళ్లను చదువు కోసం విడుదల చేసింది. సైస్మిక్, బావుల లాగ్‌లు (బావి వెంబడి రాతి గుణాల కొలతలు), ఉత్పత్తి లెక్కలు, రిజర్వాయర్ మోడల్ (చమురున్న రాతిని గదులుగా విడదీసిన నమూనా) అన్నీ ఉన్నాయి. అందుకే మొదటే దాన్ని పట్టుకుంటే ఏది ఎక్కడుందో వెతకడానికే నెల గడిచిపోతుంది. ఎఫ్3 చేతికి లొంగాకే దాని జోలికి వెళ్లండి.

సాఫ్ట్‌వేర్‌లో సైస్మిక్ చూపించే ఓపెన్‌డీటెక్ట్ ఉచిత భాగంతో మొదలుపెట్టండి. తర్వాత రిజర్వాయర్ గ్రిడ్‌లు చూడడానికి రెస్‌ఇన్‌సైట్. ఆఖరున పైథాన్ ప్రోగ్రామింగ్. చాలామంది ముందే పైథాన్ మొదలుపెట్టి, తెర మీద వచ్చిన బొమ్మ తప్పో ఒప్పో పోల్చుకోలేక ఆగిపోతారు. సరైన బొమ్మ ఎలా ఉంటుందో ముందు కంటికి అలవాటు కావాలి.

ప్రశ్న: సైస్మిక్ డేటా ఉన్న సెగ్-వై ఫైలు లోడ్ చేశాను. సర్వే ఆకారం దీర్ఘచతురస్రంగా రావాల్సింది ఒకే గీతగా వచ్చింది. ఇంకోసారి ప్రయత్నిస్తే ఆకారం వచ్చింది గానీ లైన్ల మధ్య దూరం 250 మీటర్లు చూపిస్తోంది. రంగులు కూడా అక్కడక్కడ చుక్కలుగానే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశాను?
– బీటెక్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: మీరు రాసింది ఒక తప్పు కాదు, మూడు. మూడూ ఫైలు లోపలి అమరిక తెలియక వచ్చేవే కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

సెగ్-వై ఫైలు మొదట్లో 3,200 బైట్ల రాత ఉంటుంది: 80 అక్షరాల వరుసలు 40. ఆ తర్వాత 400 బైట్ల బైనరీ హెడర్. అక్కణ్నుంచి ఒక్కో ట్రేసు (ఒక బిందువు కింద నిలువునా నమోదైన విలువల వరుస) ముందూ 240 బైట్ల హెడర్, దాని వెంట ఆ ట్రేసు విలువలు. మొదటి రాత తరచూ ఎబ్‌సిడిక్ అనే పాత ఐబీఎం అక్షర పద్ధతిలో ఉంటుంది. మామూలు ఎడిటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, అంతమాత్రాన ఫైలు చెడిపోయిందని అనుకోకండి. ఓపెన్‌డీటెక్ట్‌లోనే దాన్ని చదివే సదుపాయం ఉంది. ఏ బైటులో ఏముందో సర్వే చేసినవాళ్లు చాలాసార్లు అక్కడే రాసి పెడతారు. ఆ 40 వరుసలు చదవకుండా లోడ్ బటన్ నొక్కకండి.

ఒకే గీత ఎందుకొచ్చిందంటే, ఇన్‌లైన్ నంబరును వేరే చోట నుంచి చదివారు. ప్రమాణం ప్రకారం ట్రేస్ హెడర్‌లో ఇన్‌లైన్ 189వ బైటు దగ్గర, క్రాస్‌లైన్ 193 దగ్గర, ఎక్స్ 181 దగ్గర, వై 185 దగ్గర మొదలవుతాయి. ఒక్కోటి నాలుగు బైట్లు. పాత ఫైళ్లలో ఇన్‌లైన్ 9వ బైటులో, క్రాస్‌లైన్ 21లో పెట్టినవీ ఉంటాయి. సరైన చోటే చదివారో లేదో తేల్చుకోవడం తేలిక. పదిహేను ఇరవై ట్రేసుల హెడర్ విలువలు పట్టికగా తెరవండి. ఒక అంకె స్థిరంగా ఉండాలి, ఇంకోటి ఒకటొకటిగా పెరుగుతూ పోవాలి. రెండూ కలిసి పెరుగుతున్నా, రెండూ సున్నాలున్నా మీరు చూస్తున్న బైటు తప్పు.

250 మీటర్ల సంగతి. కోఆర్డినేట్లను పూర్ణ సంఖ్యలుగానే దాచాలి కాబట్టి దశాంశం పోకుండా పదితో హెచ్చించి పెడతారు. ఎంతతో భాగించాలో 71–72 బైట్లలో ఉంటుంది. అక్కడ మైనస్ 10 ఉంటే పదితో భాగించమని అర్థం. మీరు ఆ భాగహారం వదిలేశారు. ఎఫ్3లో భాగించాక ఎక్స్ ఆరు లక్షల చిల్లర, వై అరవై లక్షల చిల్లర రావాలి, లైన్ల మధ్య 25 మీటర్లు తేలాలి. ఆ 25 కనబడేదాకా ముందుకు కదలొద్దు.

చుక్కల రంగులు సంఖ్యల పద్ధతి వల్ల. బైనరీ హెడర్‌లో 3225–3226 బైట్లలో ఒక కోడు ఉంటుంది. 1 అంటే ఐబీఎం పద్ధతి, 5 అంటే ఐఈఈఈ పద్ధతి, 3 అంటే రెండు బైట్ల పూర్ణ సంఖ్య. ఒకదాన్ని ఇంకోటిగా చదివితే పొరల ఆకారం లీలగా కనిపిస్తూనే ఉంటుంది, విలువలు మాత్రం అసాధ్యంగా ఉంటాయి. కొన్నిసార్లు హెడర్‌లో కోడే తప్పుగా రాసి ఉంటుంది. అందుకని హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే పటం) వేసి చూడండి. సైస్మిక్ విలువలు సున్నా చుట్టూ గుమిగూడి, రెండు పక్కలా దాదాపు సమానంగా సన్నబడాలి. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా వచ్చినా, ఒక పక్కకే ఒరిగినా పద్ధతి మార్చి మళ్లీ చదవండి.

ప్రశ్న: సైస్మిక్ వచ్చింది, బావులు కూడా లోడ్ చేశాను. కానీ బావి లాగ్‌లో ఇసుకరాయి ఉన్న చోట సైస్మిక్‌లో ఏమీ కనిపించట్లేదు. ఏటవాలు బావి అయితే పూర్తిగా వేరే దిక్కుకు పోతున్నది. బావిని సరిగ్గా కూర్చోబెట్టేది ఎట్లా?
– ఎంఎస్సీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఈ పనికంతా ప్రాణం ఇక్కడే ఉంది. బావి తన చోట నిలబడకపోతే తెర మీద ఎంత అందమైన బొమ్మ ఉన్నా పనికిరాదు. బావికి ఆధారమయ్యే నాలుగు వివరాలను కాగితం మీద రాసుకోండి: బావి నోటి దగ్గర ఎక్స్–వై, లోతు కొలవడం మొదలుపెట్టిన ఎత్తు, డీవియేషన్ సర్వే (బావి ఎటు ఎంత వంగిందో చెప్పే కొలతలు), కాలం–లోతు పట్టిక.

లాగ్‌లోని లోతు బావి వెంబడి కొలిచినది, నిట్టనిలువు లోతు కాదు. అది కూడా నేల నుంచి కాదు, రిగ్గు మీద డ్రిల్లు గొట్టాన్ని తిప్పే భాగమైన కెల్లీ బుషింగ్ నుంచి కొలుస్తారు. అది సముద్ర మట్టానికి 25 మీటర్ల పైన ఉందనుకుందాం. నిలువు లోతు 1,500 మీటర్లు ఉన్న పొర సముద్ర మట్టం నుంచి 1,475 మీటర్ల దగ్గర ఉన్నట్టు. ఈ 25 తీసేయడం మరిచిపోతే, సెకనుకు 2,000 మీటర్ల వేగమున్న రాళ్లలో బావి 25 మిల్లీసెకన్లు కిందికి దిగిపోతుంది. అంటే సైస్మిక్‌లో ఆరు విలువల తేడా. మీ ఇసుకరాయి పక్క పొరలో పడడానికి అంత చాలు.

ఏటవాలు బావికి ప్రతి కొలత దగ్గరా మూడు అంకెలు ఉంటాయి: బావి వెంబడి లోతు, నిలువు నుంచి వాలు, దిక్కు. వాటి మధ్య దారిని వృత్తంలో ముక్కగా తీసుకునే మినిమమ్ కర్వేచర్ పద్ధతిలో లెక్కిస్తారు. ఒక అడుగు చేత్తో చేసి చూపిస్తాం. 1,000 మీటర్ల దగ్గర వాలు 20 డిగ్రీలు, 1,030 దగ్గర 24 డిగ్రీలు, రెండు చోట్లా దిక్కు 40 డిగ్రీలు. 20 డిగ్రీల కొసైను 0.9397, 24 డిగ్రీల కొసైను 0.9135. కలిపితే 1.8532. 30 మీటర్లలో సగమైన 15తో గుణిస్తే 27.80. వంపు సవరణ 1.0004తో గుణిస్తే 27.81. అంటే బావి 30 మీటర్లు పోతే నిలువున దిగింది 27.81 మీటర్లు. ఇలాగే సైన్లతో చేస్తే పక్కకు జరిగింది 11.24 మీటర్లు, అందులో ఉత్తరానికి 8.61, తూర్పుకు 7.22. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి రెండు మూడు వరుసలను ఇలా చేత్తో సరిచూసుకోండి. తూర్పు–ఉత్తరం తారుమారైతే, డిగ్రీలను రేడియన్లు అనుకుని చదివితే ఇక్కడే పట్టుబడుతుంది. మీ బావి వేరే దిక్కుకు పోవడానికి కారణం ఈ రెండింట్లో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

దిక్కులో ఇంకో మెలిక ఉంది. అయస్కాంత ఉత్తరం, నిజ ఉత్తరం, మ్యాపు గ్రిడ్ ఉత్తరం మూడూ వేరు. ఎఫ్3 ప్రాంతంలో నిజ ఉత్తరానికీ గ్రిడ్ ఉత్తరానికీ తేడా సుమారు 1.5 డిగ్రీలు. బావి పక్కకు ఒక కిలోమీటరు పోతే ఆ తేడా 26 మీటర్లవుతుంది, అంటే దాదాపు ఒక లైను అవతలికి. సర్వే కాగితం మీద ఏ ఉత్తరమో రాసి ఉంటుంది, చూడండి.

ఆఖరుది కాలం–లోతు పట్టిక. సైస్మిక్ నిలువు కొలత తరంగం కిందికి పోయి పైకి తిరిగొచ్చే కాలం. బావిలో చేసే చెక్‌షాట్ సర్వే మాత్రం చాలాసార్లు ఒకవైపు కాలాన్నే ఇస్తుంది. రెండుతో హెచ్చించకపోతే బావి మొత్తం సగానికి కుదించుకుపోయి, అడుగు పొరలన్నీ పై పొరల్లో ఇరుక్కుంటాయి. బావి సగం ఎత్తులోనే ముగిసిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. సరిపోతుందా?
– డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: నేర్చుకోవడానికి సరిపోతుంది. లెక్క చూడండి. ఎఫ్3లో 651 ఇన్‌లైన్లు, 951 క్రాస్‌లైన్లు, ట్రేసుకు 462 విలువలు. ఒక్కో విలువకు 4 బైట్లు వేసుకుంటే పెట్టె మొత్తం 1.14 జీబీ. ఒక యాట్రిబ్యూట్ (సైస్మిక్ విలువల నుంచి తీసే ఇంకో గుణం) లెక్కగడితే ఇంకో 1.14 జీబీ. అదంతా ఒకేసారి ర్యామ్‌లోకి లాగితే యంత్రం మొరాయిస్తుంది. 200 ఇన్‌లైన్లు, 300 క్రాస్‌లైన్ల ముక్క తీసుకోండి, 111 ఎంబీలో ఇమిడిపోతుంది. చూడడానికి మాత్రమే అయితే 8 బిట్లకు మార్చుకుంటే అందులో నాలుగో వంతే. లెక్కలకు మాత్రం అసలు విలువలనే వాడండి. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే స్లైసు జరిపినప్పుడు తేడా వెంటనే కనిపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయకండి.

ప్రశ్న: పైథాన్‌లో సెగ్-వై చదివే సెగీఐఓతో చదివి, 3డి బొమ్మ గీసే పైవిస్టాలో వేస్తే పొరల బదులు అడ్డదిడ్డంగా చారలు వస్తున్నాయి. రిజర్వాయర్ గ్రిడ్ వేస్తే గుమ్మటంలా ఉండాల్సింది గిన్నెలా వస్తోంది. రంగులు ఏవి వాడాలో కూడా చెప్పండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, దేవరకొండ

జవాబు: చారలు వరుస క్రమం తప్పడం వల్ల. పైథాన్‌లో అంకెల పెట్టెలను దాచే నమ్‌పైలో మామూలుగా ఆఖరి సూచిక అన్నిటికన్నా వేగంగా మారుతుంది. పైవిస్టా వెనకున్న వీటీకే మొదటి సూచిక వేగంగా మారాలంటుంది. అందుకని విలువల పెట్టెను వరుసగా పరిచేటప్పుడు ఫోర్ట్రాన్ క్రమం అడగాలి. ఇంకో సంగతి: విలువలు గ్రిడ్ బిందువుల మీదివైతే బిందువుల సంఖ్య వాటితో సమానంగా ఉండాలి, గదులవైతే ప్రతి దిక్కులో బిందువులు ఒకటి ఎక్కువుండాలి. పెద్ద డేటాతో తంటాలు పడేకన్నా 3, 4, 5 కొలతల చిన్న పెట్టెలో 0 నుంచి 59 దాకా అంకెలు నింపి గీసి చూడండి. ఏ అంకె ఎక్కడ పడాలో మీకే తెలుసు కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది.

గుమ్మటం గిన్నె కావడానికి కారణం, రిజర్వాయర్ ఫైళ్లలో లోతు కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, పైవిస్టాలో జెడ్ పైకి పెరుగుతుంది. జెడ్‌ను మైనస్ ఒకటితో గుణించండి. ఈ తప్పును తేలిగ్గా తీసుకోవద్దు. చమురు నీటికన్నా తేలిక కాబట్టి గుమ్మటం పై భాగంలో చేరుతుంది. బొమ్మ తిరగబడితే చమురున్న చోటు అందరికీ పల్లంలో కనిపిస్తుంది.

గ్రిడ్ సాధనకు ఎస్‌పీఈ1 అనే 300 గదుల చిన్న మోడల్‌తో మొదలుపెట్టండి: 10, 10, 3. తర్వాత నార్వేకే చెందిన నోర్న్ మోడల్: 46, 112, 22, అంటే 1,13,344 గదులు. వాటిలో పనిచేసేవి 44,431 మాత్రమే. పనిచేయని గదులను దాచకపోతే అసలు రిజర్వాయరే కనబడదు.

రంగుల విషయంలో మా అభిప్రాయం గట్టిది. ఇంద్రధనుస్సు రంగులు వద్దు. పసుపు దగ్గర లేని అంచును అవి పుట్టిస్తాయి, ఆకుపచ్చలో ఉన్న అంచును మింగేస్తాయి. సైస్మిక్‌కు ఎరుపు–తెలుపు–నీలం, తెలుపు సరిగ్గా సున్నా మీద ఉండాలి. పోరాసిటీకి (రాతిలో ఖాళీల వంతు) విరిడిస్ రంగుపట్టీ బాగుంటుంది. పర్మియబిలిటీకి (రాతి గుండా ద్రవం ఎంత తేలిగ్గా పారుతుందో) లాగరిథమ్ కొలత తప్పనిసరి. మిల్లీడార్సీలో వందో వంతు నుంచి వేల దాకా పోయే విలువలను మామూలు కొలతలో వేస్తే మోడల్ మొత్తం ఒకే రంగు అవుతుంది. బావి లాగ్ మొత్తం ఒకే రంగులో వస్తే మాత్రం కారణం వేరు. లాగ్‌లను దాచే ల్యాస్ ఫైలులో కొలత లేని చోట సాధారణంగా మైనస్ 999.25 అని రాస్తారు. దాన్ని తీసేయకపోతే 0 నుంచి 150 మధ్య ఉండే గామా కిరణాల లాగ్‌కు రంగుపట్టీ మైనస్ 999 నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: మా ఊళ్లలోని బోర్ల వివరాలతో విద్యార్థుల చేత ఇలాంటి 3డి బొమ్మ చేయించాలని ఉంది. చమురు పద్ధతులు దీనికి పనికొస్తాయా?
– జూనియర్ లెక్చరర్, నారాయణపేట

జవాబు: చాలా మంచి ఆలోచన. బావి నోరు, లోతు, పొర, కోఆర్డినేటు అన్నీ ఇక్కడా అవే. రెండు పట్టికలు చేయించండి. ఒకదాంట్లో బోరు నంబరు, ఎక్స్, వై, నేల ఎత్తు. రెండోదాంట్లో బోరు నంబరు, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, ఏం తగిలింది: ఎర్రమట్టి, మొరం, మెత్తరాయి, గట్టిరాయి, నీరు పడ్డ పగులు. బోరుబండి వాళ్లు అడుగుల్లో చెబుతారు, 0.3048తో గుణించి మీటర్లు చేయండి. రైతుకు మిగతావేవీ గుర్తు లేకపోయినా కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందో గుర్తుంటుంది. గట్టిరాయి తగిలేదాకానే కేసింగ్ వేస్తారు కాబట్టి, మెత్తబడ్డ రాతి పొర మందం సుమారుగా దొరికినట్టే.

నేల ఎత్తును ఫోన్ జీపీఎస్ నుంచి తీసుకోకండి, ఎత్తులో అది బాగా తప్పుతుంది. ఇస్రో భువన్‌లో కార్టోడెమ్ ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, అందులోంచి తీయండి.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. మ్యాపు కోఆర్డినేట్ల పద్ధతి అయిన యూటీఎంలో 43, 44 మండలాల సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మహబూబ్‌నగర్ పట్టణం దగ్గర నుంచే పోతుంది. నారాయణపేట 43లో ఉంటుంది, నల్లగొండ 44లో. సరిహద్దు మీదున్న ఒకే బోరుకు 43లో ఎక్స్ సుమారు 8 లక్షల 20 వేలు, 44లో సుమారు 1 లక్షా 80 వేలు వస్తుంది. సగం బోర్లు ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో తీస్తే పక్కపక్క ఊళ్లు తెర మీద 640 కిలోమీటర్ల దూరాన పడతాయి. మీ ఊళ్లన్నిటికీ 43నే వాడండి, సరిహద్దు దాటిన నాలుగు బోర్లనూ అందులోకే మార్చుకోండి.

మెత్తరాయి అడుగును బోరుకూ బోరుకూ మధ్య ఉపరితలంగా గీయొచ్చు. నీళ్లను, ఫ్లోరైడ్‌ను మాత్రం అలా గీయకండి. గ్రానైటులో నీరు పగుళ్లలో ఉంటుంది, పొరలుగా పరుచుకుని ఉండదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బోరు పక్కనే మంచినీటి బోరు ఉండొచ్చు. రెండింటి మధ్యా రంగు పులిమితే చూసినవాళ్లు అక్కడ తాగొచ్చనుకుంటారు. ఫ్లోరైడ్ విలువను ఆ బోరు గొట్టం మీదే రంగుగా చూపించి వదిలేయండి.

ప్రశ్న: కంపెనీలు వాడే పెట్రెల్ సాఫ్ట్‌వేర్ రాకపోతే ఉద్యోగం రాదంటున్నారు. దొంగ కాపీ దొరుకుతోంది, వేసుకోవచ్చా? చేసిన పనిని ఎలా చూపించాలి?
– బీటెక్ పూర్తిచేసిన యువకుడు, వనపర్తి

జవాబు: దొంగ కాపీ వద్దు. లైసెన్సు విషయంలో చమురు కంపెనీలు చాలా కచ్చితంగా ఉంటాయి. దాంతో చేసిన పని చూపించిన క్షణమే మీ మీద నమ్మకం పోతుంది. చట్టపరంగా నేర్చుకోవాలంటే విద్యాసంస్థల లైసెన్సు ఉన్న కాలేజీలో ప్రాజెక్టు చేయడం ఒక దారి. ఓపెన్‌డీటెక్ట్‌లో బావిని సరిగ్గా కూర్చోబెట్టడం వచ్చినవారికి పెట్రెల్ మెనూలు అలవాటు కావడానికి కొన్ని వారాలు చాలు.

చూపించడానికి ఒకే ప్రాజెక్టు చాలు. ఎఫ్3లో ఒక హొరైజన్ (ఒక పొర ఉపరితలం) తీసుకోండి. ముందు పదేసి లైన్లకు ఒకటి చొప్పున చేత్తో గుర్తించి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తనంతట పొరను వెంబడించే ఆటోట్రాకింగ్‌కు వదలండి. ఫాల్ట్ (పొరలు తెగి జరిగిన చోటు) దగ్గర ట్రాకర్ పక్క పొర మీదికి ఎగిరిపోతుంది. ఎగిరిన చోట్లు ఇన్‌లైన్‌లో సరిగ్గా కనిపించినా క్రాస్‌లైన్‌లో మెట్టులా దొరికిపోతాయి, కాబట్టి రెండు దిక్కుల్లోనూ తిప్పి చూడండి. నివేదికలో బొమ్మ పక్కనే కోఆర్డినేట్ పద్ధతి, నిలువు కొలత కాలమా లోతా, నిలువున ఎన్నింతలు సాగదీశారు, సైస్మిక్ పోలారిటీ (గట్టి పొర తగిలితే విలువ ప్లస్సా మైనస్సా) ఏది అన్నది రాయండి. బావి దగ్గర హొరైజన్‌కూ లాగ్‌లోని పొరకూ ఎన్ని మిల్లీసెకన్ల తేడా మిగిలిందో కూడా బావుల వారీగా పట్టికలో పెట్టండి. ఇంటర్వ్యూలో అనుభవమున్న జియోఫిజిసిస్టు ముందు తిప్పేది ఆ పట్టిక ఉన్న పేజీకే.